ప్రశ్నలో లేని త్రిభుజం

నేను రాసిన మొదటి ఉపపత్తిలో ఒక్క అక్షరం కూడా తప్పు లేదు. కాకపోతే ఆ త్రిభుజం ప్రశ్నపత్రంలో లేదు.

తొమ్మిదో తరగతి, యూనిట్ టెస్ట్. సమద్విబాహు త్రిభుజంలో సమాన భుజాలకు ఎదురుగా ఉన్న కోణాలు సమానమని నిరూపించమన్నారు. పాఠ్యపుస్తకంలో ఉన్న సిద్ధాంతమే. పుస్తకంలో ఆ త్రిభుజం పేరు ఏబీసీ. పైన శీర్షం దగ్గర ఏ, కింద బీ, సీ. ప్రశ్నపత్రంలో మాత్రం టీచర్ ఆ త్రిభుజాన్ని పక్కకు పడుకోబెట్టి, మూలలకు పీ, క్యూ, ఆర్ అని పేర్లు పెట్టారు. నేను ఆ బొమ్మ వంక ఒకసారి చూసి, కళ్లు మూసుకుని, మనసులో దండం పెట్టుకుని, ఏబీసీ త్రిభుజం గురించి దత్తాంశం నుంచి చివరి ‘నిరూపించబడినది’ దాకా గుక్క తిప్పుకోకుండా రాసేశాను. బొమ్మ కూడా నాదే వేసుకున్నాను, నిటారుగా, గోపురంలా.

పేపర్ తిరిగి వచ్చినప్పుడు దాని మీద ఎర్ర సిరాతో టీచర్ చేతిరాత: “చాలా బాగా రాశావు. కానీ ఈ త్రిభుజం ఎవరిది?”

పక్కన కూర్చునే అమ్మాయి తొంగి చూసింది. “ఎవలదే అది? యాడికెల్లి ఎత్తుకొచ్చినవ్?” అని కిసుక్కున నవ్వింది.

నేను అలా ఎందుకు రాశానో చెప్పాలంటే మా నాయనమ్మ గురించి చెప్పాలి.

మాది నల్గొండ దగ్గర పల్లె. నాన్న కొత్తపేట పండ్ల మార్కెట్‌కు బత్తాయిలు తోలే డీసీఎం వ్యాను నడిపేవాడు. ఆ పని కోసమే మన్సూరాబాద్‌లో కిరాయికి దిగాం. నాయనమ్మ ఊరి నుంచి స్వామి పటాన్ని ఒళ్లో పెట్టుకుని, దారంతా కిందికి దించకుండా వచ్చిందట. వచ్చిన ఏడాదిలోపే కాలనీ ఆడవాళ్లను కూడగట్టి పారాయణ మండలి మొదలుపెట్టింది. శనివారం శనివారం ఒక్కొక్కరి ఇంట్లో కూర్చునేవాళ్లు. దీపం, సంకల్పం, పారాయణం, హారతి, ఆ తర్వాత పులిహోరో, ఉడికించిన శనగ గుడాలో. నాకు మాటలు సరిగా రాకముందే ఆమె ఒడిలో కూర్చుని ఆ శ్లోకాలు విన్నాను. అర్థాలు తర్వాత తెలిశాయి. కొన్ని ఇప్పుడిప్పుడే తెలుస్తున్నాయి.

మండలిలో నాయనమ్మ పెట్టిన కట్టుబాట్లు గట్టివి. అక్షరం మార్చకూడదు. ఒత్తు మింగకూడదు. మధ్యలో తప్పిపోతే గొణిగి దాటెయ్యకూడదు, ఆ శ్లోకం మొదటికి వెళ్లి మళ్లీ ఎత్తుకోవాలి. “దేవుని మాటలు బిడ్డా, మనం సదిరేటియి కావు. మనకెట్లిచ్చిన్రో గట్లనే అప్పజెప్పాలె” అనేది. ఆ మాట నా ఎముకల్లో ఇంకిపోయింది. సిద్ధాంతం కూడా పెద్దలు ఇచ్చిందే కదా, పుస్తకంలో పెట్టె కట్టి మరీ ఇచ్చారు. ఏ ఉన్నచోట పీ రాయడానికి నా చెయ్యి ఆడలేదు.

మా లెక్కల టీచర్ది గుంటూరు వైపు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వచ్చేవారు. ఇంటర్వెల్‌లో నన్ను స్టాఫ్‌రూమ్‌కు పిలిచారు.

“ఏమ్మా, క్వశ్చన్ అసలు చూశావా?”

“చూసిన టీచర్.”

“మరి పీక్యూఆర్ ఇస్తే ఏబీసీ రాశావేంటి?”

“పుస్తకంల ఏబీసీ ఉంది టీచర్. మార్చొద్దు గదా.”

“ఎవరు చెప్పారు మార్చకూడదని?”

నాయనమ్మను ఇందులోకి లాగడం ఇష్టంలేక తల వంచుకున్నాను. ఆవిడ నా పేపర్ మీద ఒక వరుస దగ్గర వేలు పెట్టారు. “సరే, ఇది చెప్పు. ఈ రెండు కోణాలూ సమానమని ఎందుకు రాశావు?”

నేను నోరు తెరిచాను. దత్తాంశం దగ్గర మొదలుపెట్టి, సారాంశం చెప్పి, నిర్మాణం చెప్పి, ఆ వరుస దాకా వచ్చాను. అక్కడ ఆగమన్నట్టు చెయ్యి ఎత్తారు. ఆగితే నాకు ముందుకూ దారి లేదు, వెనక్కూ లేదు. మళ్లీ దత్తాంశం దగ్గరికే వెళ్లాను.

టీచర్ కోప్పడలేదు. కుర్చీలో వెనక్కి ఆనుకున్నారు. “నువ్వు నిరూపించట్లేదమ్మా, అప్పజెబుతున్నావు. భలే అప్పజెబుతున్నావులే, అది వేరే సంగతి. వచ్చే సోమవారం కాక ఆపై సోమవారం నీకు మళ్లీ పెడతా. బొమ్మ ఎట్లా ఇస్తానో నాకే తెలీదు. ఈలోపు దీని మీద నాన్నగారి సంతకం పెట్టించుకురా.”

నాన్న తొమ్మిదో తరగతి దగ్గరే చదువు ఆపినవాడు. నా మార్కులు చూసే రోజు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు. ఆ రోజు సంతకం పెట్టి, పేపర్ మడిచి నా చేతికిచ్చి అన్నాడు: “మల్ల టెస్టు అయ్యేదాక శనివారం యాడికి పోయేది లేదు. అప్పుడు గూడ గిట్లనే రాస్తే టెన్త్ అయ్యేదాక పారాయణం బందు. ఏమంటవమ్మా?”

చివరి ప్రశ్న నాయనమ్మకు. ఆమె వత్తులు చేసుకుంటోంది. తల ఎత్తకుండానే, “మంచిగ జెప్పినవ్ కొడుకా. సదువే ముఖ్యం” అంది. వత్తి మాత్రం ఆమె వేళ్ల మధ్య విడిపోయింది. మళ్లీ చేసింది.

నాన్నకు తెలియని సంగతి ఒకటుంది. అప్పటికి కొన్నాళ్లుగా నాయనమ్మ శ్లోకాలు మరిచిపోతోంది. ఊర్లో, బస్సులో, పొయ్యి దగ్గర, ఎక్కడైనా నోట్లోంచి నీళ్లలా జారిన శ్లోకాలే. మండలిలో నలుగురి ముందు ఎత్తుకున్నప్పుడు ఉన్నట్టుండి ఆగిపోయేవి. నేను ఎప్పుడూ ఆమె కుడి మోకాలి పక్కన కూర్చునేదాన్ని. ఆగినప్పుడు ఆమె వేలితో నా మోకాలిని మెల్లగా నొక్కేది. నేను గొంతు కలుపుతున్నట్టుగా తర్వాతి మాటలోని తొలి అక్షరాలు అందించేదాన్ని. ఆమె అందుకుని సాగిపోయేది. ఎవరికీ తెలియలేదు. ఆ వేలి సంగతి మేమిద్దరం కూడా ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

ఆ శనివారం ఎల్బీనగర్‌లో ఒకరింట్లో పారాయణం. నాయనమ్మ తలంటుకుని, మండలి చీర కట్టుకుని, మంచం మీద కూర్చుంది. కూర్చుని, “మోకాళ్లు గుంజుతున్నయి, నేను పోను. వాళ్లకు ఫోన్ జేసి జెప్పు” అంది అమ్మతో. అమ్మ నొప్పుల మందు తెచ్చి రాయబోతే వద్దంది. కాసేపటికి స్వామి పటం వైపు తిరిగి తనలో తాను మొదలుపెట్టింది. నేను లెక్కల పుస్తకం ముందేసుకుని వింటున్నాను. ఒకచోట ఆగింది. మొదటికి వెళ్లింది. మళ్లీ అక్కడే ఆగింది. పక్కనే ఉన్న నేను అందించవచ్చు. కానీ ఆమె వేలు నన్ను అడగలేదు. గోడకు ఆనుకుని కళ్లు మూసుకుంది.

నేను ఆ టెస్టు సరిగా రాయకపోతే నాయనమ్మ ఇక మండలిలో కూర్చోదు. ఈ సంగతి నాకు తెలుసు, ఆమెకు తెలుసు, పటంలో ఉన్న స్వామికి తెలుసు. ఆ వారమంతా నేను చేసిన ప్రార్థన ఒక్కటే: స్వామీ, టీచర్ మనసులో దూరి ఏబీసీనే ఇప్పించు.

ఆయన అది వినలేదు. వినకపోవడం కూడా ఆయన దయే అని ఇప్పుడు అంటాను. అప్పుడు మాత్రం అలిగాను.

మరుసటి శనివారం వంతు మా ఇంటిదే వచ్చింది. నాయనమ్మకు మోకాళ్ల నొప్పి అనడానికి లేదు. సోమవారమే నా టెస్టు. నాన్న నన్ను లోపలి గదిలో కూర్చోబెట్టి తలుపు దగ్గరగా వేశాడు. బయట చాపలు పరిచిన చప్పుడు, గాజుల చప్పుడు, అగ్గిపుల్ల గీసిన చప్పుడు. తర్వాత నాయనమ్మ గొంతు సంకల్పం మొదలుపెట్టింది.

సంకల్పమంటే పూజకు ముందు చెప్పుకునేది. ఏ చోట, ఏ కాలంలో, ఎవరు, ఎందుకోసం ఈ పని చేస్తున్నారో దేవుడికి విన్నవించుకోవడం. మాటల కట్టు అన్ని ఇళ్లలోనూ ఒకటే. అందులో ఒకచోట మాత్రం ఆ ఇంటివాళ్ల గోత్రం, పేర్లు వస్తాయి. ఎవరింటికి వెళ్లినా నాయనమ్మ చాప మీద కూర్చోగానే, “ఇంటి యజమాని ఎవలు? గోత్రమేంది?” అని అడిగేది. ఆ రోజు అడగాల్సిన పని లేదు. మా గోత్రం చెప్పింది. నాన్న పేరు, అమ్మ పేరు. తలుపు ఇవతల నా పేరు వినిపించింది.

నేను పెన్సిల్ కింద పెట్టాను.

కొన్ని నెలల కిందట ఎల్బీనగర్ ఇంట్లో వంతు వచ్చినప్పుడు ఇదే మాటల మధ్య వేరే గోత్రం చెప్పింది, నా పేరున్న చోట ఆ ఇంటి ఆడపిల్ల పేరు చెప్పింది. ఒత్తు పోతే ఊరుకోని మనిషి ఇంటింటికీ పేర్లు మార్చేస్తోంది. మార్చడం తప్పు కాదు. మార్చకపోతేనే తప్పు. మా ఇంట్లో దీపం వెలిగించి ఎల్బీనగర్ వాళ్ల గోత్రం చెబితే ఈ పూజ ఎవరిది? పీక్యూఆర్ ఇంట్లో కూర్చుని ఏబీసీ పేరు మీద నేను చేసొచ్చింది అదే. ‘ఈ త్రిభుజం ఎవరిది’ అని టీచర్ అడిగింది అదే.

గబగబా పాత ప్రశ్నపత్రం తీసి పడుకున్న త్రిభుజాన్ని మళ్లీ గీశాను. ఏ ఉన్నచోట పీ, బీ ఉన్నచోట క్యూ, సీ ఉన్నచోట ఆర్ అని వరుసగా పేర్లు మార్చుకుంటూ పోయాను. చివరికి క్యూ కోణం, ఆర్ కోణం సమానమని వచ్చింది. బొమ్మ వైపు చూస్తే పొసగలేదు. అందులో సమానమని గుర్తు పెట్టిన భుజాలు పీక్యూ, క్యూఆర్. అలాగైతే సమానం కావలసినవి పీ, ఆర్ కోణాలు. మార్చకపోయినా తప్పే, మార్చినా తప్పేనా?

బయట పారాయణం సాగుతోంది. నేను ఆ బొమ్మనే చూస్తూ కూర్చున్నాను. నాయనమ్మ ఊరికే పేర్లు మార్చదు. ముందు అడుగుతుంది. ఇంటి యజమాని ఎవరు? ఈ త్రిభుజంలో యజమాని ఎవరు? సమానమైన రెండు భుజాలు వచ్చి కలిసే మూల. పుస్తకంలో అది ఏ. ఇక్కడ అది క్యూ. పడుకోబెట్టినందువల్ల పక్కకు వాలిపోయాడు గానీ పెద్ద ఆయనే. క్యూ నుంచి గీత గీశాను. ఆ గీత కోణాన్ని రెండు సమభాగాలు చేస్తుంది. ఎందుకు? అలా చేసేలాగే నేను గీశాను కాబట్టి. ఆ గీత రెండు చిన్న త్రిభుజాలకూ సమానం. ఎందుకు? ఇద్దరిదీ అదే గీత కాబట్టి. ఆ రెండు భుజాలూ సమానం. ఎందుకు? ప్రశ్నలో ఇచ్చారు కాబట్టి. ఆ ‘ఎందుకు’లన్నీ చిన్నవే. కానీ ఒక్కదానికీ కళ్లు మూసుకోలేదు.

మండలికి అప్పుడప్పుడు ఒక ఆచార్యులు వచ్చి ఉపన్యాసం చెప్పేవారు. శ్రవణం ఒక్కటే చాలదు, మననం కావాలి, విన్నదాన్ని నీలో తిప్పుకోవాలి అనేవారు. నేను బుద్ధిగా తలూపేదాన్ని. ఆ మాట నాకు అందింది మాత్రం ఆ గదిలో, పెన్సిల్ పట్టుకుని. ఇప్పుడు అల్మాస్‌గూడలో ట్యూషన్ చెబుతూ అక్కడి పిల్లలకు ఉపపత్తి మొదలుపెట్టిన ప్రతిసారీ అదే అనిపిస్తుంది. ఉపపత్తి రాయడంలో గర్వం లేదు, అణకువ ఉంది. ఇచ్చినదాన్ని తీసుకోవాలి. ఇవ్వనిదాన్ని, బొమ్మలో ఎంత అందంగా కనిపించినా, తీసుకోకూడదు. ప్రసాదం తీసుకునేటప్పుడు చెయ్యి ఎలా పడతామో అలా.

బయట గొంతు ఆగిపోయింది.

ఏ చోట ఆగిందో నాకు తెలుసు. నాయనమ్మ శ్లోకం మొదటికి వెళ్లింది, వచ్చింది, మళ్లీ అక్కడే ఆగింది. గాజులు కూడా చప్పుడు చెయ్యడం లేదు. ఎవరో దగ్గారు. ఆమె వేలు నా మోకాలి కోసం చాప మీద వెతుకుతున్నట్టు నాకు కనిపించింది. బయటికి వెళ్లకూడదని నాన్న చెప్పాడు. మాట్లాడకూడదని చెప్పలేదు. తలుపు వెనక నుంచే తొలి అక్షరాలు గట్టిగా అన్నాను.

నాయనమ్మ గొంతు అందుకుంది.

“అమ్మో, మీ ఇంట్ల గోడలు గూడ పారాయణం జేస్తున్నయే!” అందొకావిడ. అందరూ నవ్వారు. నాయనమ్మ నవ్వు కూడా అందులో వినిపించింది. ఇంకొంచెం ముందుకు వెళ్లాక మళ్లీ ఆగింది. మళ్లీ అందించాను. ఈసారి ఎవరూ నవ్వలేదు.

తలుపు తెరుచుకుంది. నాన్న. చేతిలో మంచినీళ్ల చెంబు. ఒళ్లో త్రిభుజం పెట్టుకుని కూర్చున్న నన్ను చూశాడు.

“ఎప్పటి సంది గిట్ల?” అన్నాడు మెల్లగా.

“శాన దినాలైంది డాడీ.”

“నాకెందుకు జెప్పలే?”

“నాయినమ్మ ఎవ్వలకు జెప్పలే.”

ఆయన వెనక్కి తిరిగి వాళ్లమ్మను చూశాడు. ఆమె కళ్లు మూసుకుని శ్లోకం చెబుతోంది. నాన్న వెళ్లేటప్పుడు తలుపు వెయ్యలేదు.

హారతి అయి, అందరూ వెళ్లాక నాయనమ్మ గుడాల గిన్నెతో వచ్చి నా పక్కన కూలబడింది. “సదువుకుంటున్నవా, నాకు కావలి గాస్తున్నవా?”

“రెండు.”

“ఏందది?” అంది నా బొమ్మ చూసి.

చెప్పాను. విని, బొమ్మను కళ్ల దగ్గరికి తెచ్చుకుని, “కనవడ్తనే ఉంది గద బిడ్డా రెండు దిక్కులు ఒక్క తీరుగ. దీనికి గింత రాసుడెందుకు?” అంది.

“కనవడ్డదని రాయొద్దంట నాయినమ్మ. ఇచ్చింది పట్టుకుని ఒక్కొక్క మెట్టు ఎక్కాలంట.”

ఆమె బొమ్మను తిరిగి నా ఒళ్లో పెట్టింది. “మంచి మాటనే. మీ టీచరమ్మ భక్తురాలా?”

“నాకెరుకలేదు.”

“అయ్యుంటది” అని, గుడాలు నా దోసిట్లో పోసింది.

సోమవారం టీచర్ ఇచ్చిన త్రిభుజం తలకిందులుగా ఉంది. ఎల్ఎంఎన్. శీర్షం ఎన్ కిందికి వేలాడుతోంది. నేను కళ్లు మూసుకోలేదు. దండం పెట్టుకున్నాను, అది మానలేదు. యజమాని ఎవరని అడిగాను. దొరికాడు. తర్వాత మెల్లగా, ఒక్కో వరుసకూ పక్కన కారణం రాసుకుంటూ వెళ్లాను. పోయినసారి కన్నా చాలా ఆలస్యమైంది. దస్తూరీ కూడా అంత బాగా రాలేదు, రెండు చోట్ల కొట్టివేతలు.

టీచర్ నా ముందే దిద్దారు. ఒక వరుస దగ్గర ఉమ్మడి భుజం అనే కారణం రాయడం మరిచిపోయాను. అక్కడ ఎర్ర గీత పెట్టారు. మిగతాదంతా చూసి, “ఇది ఈ త్రిభుజమే” అన్నారు. “ఏం చేశావు, ఉన్నట్టుండి?”

సంకల్పం సంగతి చెప్పాను, యజమాని సంగతి కూడా. ఆవిడ కలం మూత పెడుతూ పెడుతూ ఆగిపోయారు. “శీర్షం ఇంటి యజమానా! ఓసి నీ తెలివి కూలా. నేను క్లాసులో చెప్పుకోనా ఇది?”

ఆ సాయంత్రం పేపర్ నాన్న ముందు పెట్టాను. ఎర్ర గీత దగ్గర ఆయన వేలు ఆగింది. మార్కులు చూశాడు. సంతకం పెట్టాడు. పెట్టి, నాయనమ్మ వైపు చూడకుండా, “శనివారం యాడ మీ పారాయణం?” అన్నాడు.

“అల్మాస్‌గూడల” అంది నాయనమ్మ, ఆమె కూడా ఎటో చూస్తూ.

“గంత దూరం ఆటోల ఎందుకు పరేషాన్. నేను దింపుత.”

శనివారం డీసీఎం క్యాబిన్‌లో ముగ్గురం ఇరుక్కుని వెళ్లాం. బత్తాయిల వాసన, పూలబుట్ట వాసన కలిసిపోయాయి. నాయనమ్మ దారంతా పెదవులు కదుపుతూనే ఉంది. ఇల్లు రాగానే దిగబోయి ఆగి, “నువ్వు గూడ రారాదు కొడుకా, జరసేపు” అంది. నాన్న బండి పక్కకు పెట్టి వచ్చి, గుమ్మం దగ్గర చెప్పుల పక్కన కూర్చున్నాడు.

నాయనమ్మ చాప మీద కూర్చుంది. నేను కుడి మోకాలి పక్కన. ఆమె దీపం వెలిగించి, సంకల్పం ఎత్తుకునే ముందు అందరి వైపూ చూసింది.

“నాకు యాది తప్పుతుందమ్మా. ఇగ దాసుడెందుకు? నేను యాడ ఆగితే ఆడ నా మనుమరాలు అందుకుంటది. మీరు గూడ అందుకోన్రి.”

ఆమె వయసే ఉన్న ఒకావిడ చాప మీద జరిగి జరిగి ఆమె ఎడమ పక్కకు చేరింది.

ఇంటి యజమాని పేరడిగింది, గోత్రం అడిగింది. ఆ ఇంటివాళ్ల పేర్లన్నీ చెప్పింది. చెప్పి, నా వైపు వంగి, “మీ టీచరమ్మ గోత్రమేంది?” అంది.

“తెల్వది నాయినమ్మ.”

“ఫికర్ లేదు. తెల్వనోళ్లకు జెప్పేటిది ఒకటుంటది” అని ఆ గోత్రం చెప్పి, దాని పక్కన టీచర్ పేరు చేర్చింది.

పారాయణం మొదలైంది. ఆ చోటు దగ్గరికి వస్తున్నామని నాకు తెలుస్తోంది. మోకాలు ఆమెకు ఇంకొంచెం దగ్గరగా జరిపాను. వచ్చింది. ఆగింది. వేలు కదల్లేదు. ఆమె నలుగురి ముందూ మొహం నా వైపు తిప్పి, చేతులు జోడించే ఉంచి, నన్ను చూసింది.

నేను అందించాను.